పరిశోధనను అంకెలతో కొలువవచ్చునా?

పరిశోధన పత్రమేదైనను తీసి చూచినచో, దాని చివర ఇతరుల పత్రముల పట్టిక ఒకటి కనిపించును. ఈ పద్ధతిని ఫలానావారినుండి గ్రహించితిననియు, ఈ విషయమును ఫలానావారు ముందే కనుగొనిరనియు రచయిత అచ్చట చెప్పుకొనును. ఇట్లు ఒక పత్రము మరియొక పత్రమును పేర్కొనుటను ఉల్లేఖనము అందుము. ఇంగ్లీషులో దీనికి సైటేషన్ అని పేరు. ఈ ఉల్లేఖనములను లెక్కించి ఒక పండితుని కృషి ఎంతటిదో చెప్పవచ్చునా? నేడు అనేక దేశములలో ఉద్యోగములు, పదోన్నతులు, పరిశోధనకు ధనసహాయము కొంతవరకు ఈ లెక్కపై ఆధారపడుచున్నవి. కావున ఈ లెక్క ఎట్టిదో తెలిసికొనుట అవసరము.

అమెరికా న్యాయవాదులకు 1873 నుండియే ఇట్టి సూచిక ఒకటి కలదు. పాత తీర్పును తరువాతి తీర్పులు సమర్థించినవా, కొట్టివేసినవా అని వారందులో చూచుకొందురు. దీనిని గమనించిన యూజీన్ గార్ఫీల్డ్, శాస్త్రములకు కూడ ఇట్టి సూచిక ఉండవలెనని 1955లో 'సైన్స్' పత్రికలో వ్రాసెను. 1964లో ఆయన సంస్థ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను ప్రకటించెను. శాస్త్రజ్ఞులకు మార్కులు వేయుట దీని మొదటి ఉద్దేశము కాదు. ఒక పాత పత్రమును ఉపయోగించుకొన్న కొత్త పత్రములు ఏవియో వెదకుటకు దారి చూపుటయే దాని పని. మార్కుల వాడుక తరువాత వచ్చి చేరినది.

మొత్తము ఉల్లేఖనములను కూడినచో ఒక్క పత్రమే లెక్కనంతటిని పెంచివేయవచ్చును. అందువలన హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 2005లో 'హెచ్ సూచిక'ను ప్రతిపాదించెను. ఒకరి ఆరు పత్రములకు వరుసగా 40, 18, 9, 5, 4, 2 ఉల్లేఖనములు వచ్చినవనుకొందము. నాలుగు పత్రములకు నాలుగేసికి తక్కువ కాకుండ వచ్చినవి. అయిదేసి వచ్చినవి అయిదు పత్రములు లేవు. కనుక అతని హెచ్ సూచిక 4. ఇప్పుడు 40కి బదులు 400 వ్రాసి చూడుడు. సూచిక మారదు. కూడికలోని దోషమును తొలగింపబోయి, ఈ కొలత గొప్ప పత్రమును సామాన్య పత్రముతో సమానము చేయుచున్నది.

మరియొక మార్గము సహరచయితల వలను పరిశీలించుట. ఒక్కొక్క శాస్త్రజ్ఞుని ఒక చుక్కగా పెట్టి, కలిసి పత్రము వ్రాసిన ఇద్దరి మధ్య గీత గీయవలెను. హంగరీ గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ అయిదువందల మందికి పైగా సహరచయితలతో సుమారు 1500 పత్రములు వ్రాసెను. అతనితో నేరుగా కలిసి వ్రాసినవారి ఎర్డోష్ సంఖ్య 1. వారితో మాత్రమే కలిసి వ్రాసినవారిది 2. ఐన్‌స్టీన్, ఎర్డోష్ ఇరువురితోను ఎర్న్‌స్ట్ స్ట్రాస్ కలిసి వ్రాసెను గనుక ఐన్‌స్టీన్ సంఖ్య 2. విద్య ఎవరినుండి ఎవరికి చేరుచున్నదో, ఏ బృందములను ఎవరు కలుపుచున్నారో ఈ వల చూపును. అయితే ఎవరు ఎంత పని చేసిరో అది చెప్పదు.

ఇక మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు విషయము చూతము. హార్వర్డ్‌లో ఆయన సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరము పరిమాణమును నీలిరంగు గాఢతను బట్టి తెలిసికొను పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పత్రమునకు వేలకొలది ఉల్లేఖనములు వచ్చినవి. జీవకణములలో శక్తిని అందించు ఎ.టి.పి. అను పదార్థమును కనుగొన్నట్లు వారిరువురు 1929లో ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. 1929 నాటి పత్రమునకు వచ్చిన ఉల్లేఖనములు మొదటిదానికంటె చాల తక్కువ. కారణమేమి? భాస్వరమును కొలిచిన ప్రతివాడును పద్ధతిని పేర్కొనవలసియుండెను. ఎ.టి.పి. పాఠ్యపుస్తకములలోకి ఎక్కినది. దానిని గురించి వ్రాయునపుడు మూలపత్రమును పేర్కొనవలెనని ఎవరికిని తోచదు.

మరియొక సంగతి కలదు. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందము, రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఎమినోప్టెరిన్ అను మందుతో తాత్కాలికముగా గుణము కనిపించినదని వెల్లడించెను. ఆ మందు లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందము తయారు చేసినది. ఫార్బర్ పత్రపు రచయితలలో సుబ్బారావు పేరు లేదు. అందుచే ఆ పత్రమునకు ఎన్ని ఉల్లేఖనములు వచ్చినను ఆయన లెక్కలో ఒక్కటియు చేరదు. సహరచయితల వలలోను ఆయననుండి ఆ పిల్లల చికిత్సకు గీత పడదు.

దీనిని బట్టి ఉల్లేఖనముల సంఖ్య ఒక పత్రము ఎంత వాడుకలో ఉన్నదో తెలుపునే గాని, ఎంత విలువైనదో తెలుపదని గ్రహింపవలెను. ఖండించుటకు పేర్కొన్నను, పొగడుటకు పేర్కొన్నను లెక్క ఒక్కటే. ఈ విషయమున న్యాయవాదుల సూచికయే మేలు. గణితములో పత్రములు నెమ్మదిగాను, వైద్యములో వేగముగాను ఉల్లేఖింపబడును గనుక వేరువేరు శాస్త్రములవారిని ఒకే అంకెతో పోల్చరాదు. అంకెకే బహుమానమున్నచో కొందరు తమ పత్రములను తామే పదేపదే పేర్కొనుటయు కలదు. ఈ ప్రమాదమును గుర్తించియే, పత్రిక పేరునకు వచ్చిన అంకెతో వ్యక్తి యోగ్యతను నిర్ణయింపరాదని శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్రజ్ఞులు, సంపాదకులు 2012లో ఒక ప్రకటన సిద్ధము చేసిరి.

ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. నూటికి నలుబది మార్కులు వచ్చిన విద్యార్థి ఎందులో తప్పెనో తెలియవలెనన్న జవాబుపత్రమును విప్పి చూడవలసినదే. శాస్త్రజ్ఞుని విషయమునను అంతే. అంకెను బట్టి ఏ పత్రమును ముందు తీయవలెనో నిశ్చయింపవచ్చును. తీసిన పిమ్మట దానిని చదువవలెను.