మెదడుకే పెద్ద వాటా!

హాయిగా నిద్రపోతున్నా సరే, ఒంట్లో ఒకటి మాత్రం తింటూనే ఉంటుంది. అదే మన మెదడు! శరీరం బరువులో దాని వంతు 2 శాతమే. విశ్రాంతి సమయంలో ఖర్చయ్యే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే.

మనకు బాగా దగ్గరి చుట్టమైన చింపాంజీ మెదడు మన మెదడులో మూడో వంతే ఉంటుంది. జన్యువులేమో చాలామటుకు ఒకటే. మరి ఇంత పెద్ద మెదడును మనం ఎలా పోషిస్తున్నాం?

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ జవాబు కోసం రెండు జన్యువులను పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలోని గ్లూకోజ్ కణాల్లోకి వెళ్లాలంటే ద్వారాల్లాంటి ప్రొటీన్లు ఉండాలి. మెదడుకు వెళ్లే ద్వారాన్ని తయారుచేసేది ఎస్‌ఎల్‌సి2ఏ1 జన్యువు. కండరాల ద్వారం ఎస్‌ఎల్‌సి2ఏ4ది. రెండూ మనలోనూ ఉన్నాయి, చింపాంజీల్లోనూ ఉన్నాయి. తేడా అల్లా అవి పనిచేసే జోరులోనే. మొదటిది మనిషి మెదడులో ఎక్కువ చురుగ్గా ఉంటే, రెండోది చింపాంజీ కండరాల్లో చురుగ్గా ఉంది. అది కండకు పెడితే, మనం బుర్రకు పెట్టామన్నమాట!

మన మొత్తం ఖర్చూ ఎక్కువే. శరీర పరిమాణంలో తేడాలను సరిచేసి చూసినా, మనిషి చింపాంజీకన్నా రోజుకు సుమారు 400 కెలోరీలు ఎక్కువ వాడుతున్నాడని 2016లో మరో అధ్యయనం తేల్చింది.

చిన్నపిల్లల సంగతి మరీ విచిత్రం. అయిదేళ్ల వయసు ప్రాంతంలో విశ్రాంతి శక్తిలో దాదాపు మూడింట రెండొంతులు మెదడే తీసుకుంటుందని 2014 నాటి పరిశోధన చెబుతోంది. ఆ వయసులో ఒళ్లు నెమ్మదిగా ఎదగడానికి కారణం అదేనట!

మరి ఆ ద్వారమే సరిగా తెరుచుకోకపోతే? ఎస్‌ఎల్‌సి2ఏ1 జన్యువులో లోపంతో పుట్టే పిల్లలు కొందరుంటారు. 1991లో వైద్యులు తొలిసారి వివరించిన ఈ అరుదైన జబ్బు పేరు గ్లట్1 లోపం. రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది, మెదడు మాత్రం పస్తుంటుంది. దాంతో పసితనంలోనే ఫిట్స్ వస్తాయి. మాట, నడక ఆలస్యమవుతాయి. పరగడుపున ఇబ్బంది ఎక్కువ కావచ్చు. వెన్నునీటిలో గ్లూకోజ్ పరీక్ష, జన్యుపరీక్షలతో దీన్ని నిర్ధారిస్తారు.

అదృష్టవశాత్తూ మెదడుకు ఇంకో దారి ఉంది. కొవ్వు నుంచి పుట్టే కీటోన్లు వేరే ద్వారం గుండా లోపలికి వెళతాయి. అందుకే ఈ పిల్లలకు కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారాన్ని డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తారు. చాలామందిలో ఫిట్స్ అదుపులోకి వస్తాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. కాబట్టి పసిబిడ్డకు ఫిట్స్ వస్తే ‘పెద్దయ్యాక అవే తగ్గిపోతాయిలే’ అనుకోకుండా పిల్లల నరాల నిపుణులకు చూపించాలి.