కారం దోశ, ఉగ్గాని, సంగటి.. కడప ప్లేటులో అసలు పాతకాపు ఎవరు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. పొద్దున్నే ఈ ఊళ్లలో ఏ టిఫిన్ సెంటర్ ముందు నిలబడినా ఒకటే ఘాటు. పెనం మీద దోశ, దానిపై ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి నూరిన ఎర్రకారం, ఆపైన పప్పుల పొడి. పక్కనే బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇదంతా పక్కా కడప రుచే. కానీ అందులోని మిరపకాయ మాత్రం ఇక్కడ పుట్టింది కాదు!

కారం వెనుక కథ ఇదీ

మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని భారత్‌కు తెచ్చారు. అంతకుముందు మన వంటల్లో ఘాటుకు మిరియాలే దిక్కు. సంగటిలోకి నంజుకునే ఊరిబిండిలో వేసే శెనక్కాయ కూడా దక్షిణ అమెరికా పంటే. అయితే వాన తక్కువున్న సీమ మెట్ట పొలాల్లో అది బాగా పండింది. అలా మనదైపోయింది.

మరి పాతది ఏది?

రాగి సంగటి. రాగులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవే అయినా, వేల ఏళ్ల కిందటే ఇక్కడ స్థిరపడ్డాయి. నూకలు ఉడికించి, రాగి పిండి పోసి, కట్టెతో గెలికి ముద్ద చేస్తే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములే!

పండగకే ఎందుకు తీపి?

మెట్ట పల్లెల్లో ఒకప్పుడు వరి అన్నం అంటే పండగ తిండి. అందుకే బియ్యప్పిండి, బెల్లం పాకంతో చేసే అత్తిరాసాలు (కోస్తాలో అరిసెలు) పండక్కే దిగేవి. పాకాన్ని నీళ్లలో వేస్తే మెత్తగా ఉండకట్టాలి. కాస్త ముదిరినా అత్తిరాసం గట్టిపడుతుంది. ఇక ఓళిగల సంగతికొస్తే, ఇలాంటి పూర్ణం రొట్టె ప్రస్తావన 12వ శతాబ్దపు 'మానసోల్లాస' గ్రంథంలోనే ఉంది.

ఇప్పుడు సీన్ రివర్స్

అన్నం రోజువారీ తిండి అయింది. ఇంట్లో రోజూ ఉండాల్సిన సంగటేమో హోటల్ బోర్డు మీద 'స్పెషల్' అయింది. భారత్ ప్రతిపాదనతో 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సీమ అవ్వలకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. గెలికే కట్టె ఇంకా ఆ ఇళ్లలోనే ఉంది. ఇక దాన్ని పట్టుకోవాల్సింది మనమే.