సత్తుకి రాడ్డు పడదు

నాన్న చక్రాల కుర్చీలోకి వచ్చాక మా వీధి గుమ్మం ముందున్న ఒక్క మెట్టూ కొండై కూర్చుంది. దాని ఎత్తు 15 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. కుర్చీని ఒక మనిషి ఆయాసపడకుండా ఎక్కించాలంటే ఎత్తుకి పన్నెండింతల పొడవున వాలు ఉండాలని లెక్క. అంటే 180 సెంటీమీటర్లు. ఇంటి ముందు ఇరుకు సందు కాబట్టి సిమెంటుతో కట్టెయ్యడానికి వీల్లేదు. పొద్దున్న పరిచి, పనయ్యాక ఎత్తి గోడకి ఆనించాలి.

వీధి చివర గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపతను ఒక్క పూటలో చేసిచ్చాడు. 180 పొడవు, 75 వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప గళ్ళరేకు. పని శుభ్రంగానే ఉంది, తూకం మాత్రం 53 కిలోలు. అమ్మ దాన్ని ఎత్తడం కాదు గదా, అంచు కూడా కదపలేకపోయింది. అల్యూమినియం బరువు ఇనుములో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అదే రేకు అల్యూమినియంతో అయితే 18 కిలోలు. "ఇదే దాంతో చేసిపెట్టు బాబూ" అంటే అతను నవ్వేశాడు. "సత్తుకి మన రాడ్డు పడదు సార్. ఆటోనగర్‌లో ఆర్గాన్ వాళ్ళ దగ్గరికెళ్ళండి."

సత్తు అనే మాటలో మనకి కాస్త చిన్నచూపు ఉంది. చెల్లని నాణెం సత్తు రూపాయి, పేదింటి గిన్నె సత్తు గిన్నె. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టిన అల్యూమినియం ముక్క మూడు కిలోలు కూడా లేదు. అయినా అప్పటికి ఆ లోహంతో అంత పెద్ద పోత ఎవరూ పోయలేదని దాన్ని జనానికి ప్రదర్శనగా చూపించారు. ఆ ఊసు అలా ఉంచి, రాడ్డు ఎందుకు పడదో చూద్దాం.

కారణం ఆ లోహం ఒంటిమీదే ఉంది. అల్యూమినియాన్ని ఎంత తళతళలాడేలా తోమినా, బ్రష్షు తీసేలోపే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొర కట్టేస్తుంది. ఆ పొర మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో ఏ ఇరవై వేల వంతో. ఇనుముకి పట్టిన తుప్పు పెచ్చులూడి లోపలికి దారిస్తుంది. ఈ పొర ఊడదు, గీస్తే అక్కడే మళ్ళీ కడుతుంది. సత్తు గిన్నె ఏళ్ళ తరబడి పొయ్యి మీద బతికేది దీని చలవతోనే. చింతపండు పులుసు కాచిన రోజు గిన్నె లోపల కొత్తదానిలా మెరుస్తుందే, ఆ పూట పులుపు ఈ పొరని కరిగించిందన్నమాట.

గిన్నెకి కాపైనది వెల్డరుకి చిక్కు. లోపలి లోహం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పైపొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. మంట పెడితే లోహం నీరైపోతుంది కానీ పొర పాల మీద మీగడలా అలాగే నిలబడుతుంది. రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి కరిగిస్తే, రెండు సంచుల్లో నీళ్ళు పోసి ఆనించి పెట్టినట్టే. తగులుతాయి గానీ కలవవు.

ఈ పొర మొండితనం వెల్డర్ల కంటే ముందు లోహం తీసేవాళ్ళని ఏడిపించింది. దాని పేరు అల్యూమినా. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో వాళ్ళు బాక్సైట్ నుంచి తీసి, రైళ్ళలో మన విశాఖ రేవుకి పంపే తెల్లపొడి ఇదే. దీన్ని నేరుగా కరిగించి లోహం తియ్యడం అయ్యే పని కాదు. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్‌కీ, ఫ్రాన్స్‌లో పాల్ హెరూకీ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే ఉపాయం తట్టింది. అల్యూమినాని కరిగించే ప్రయత్నం మాని, క్రయొలైట్ అనే ఫ్లోరైడు ఉప్పుని కరిగించి, అందులో దీన్ని నీళ్ళలో పంచదారలా కలిపేశారు. ఆ ద్రావణంలోకి కరెంటు పంపితే 950 డిగ్రీల చుట్టుపక్కలే లోహం అడుగున చేరింది. (ఇద్దరూ 1863లోనే పుట్టారు, ఇద్దరూ 1914లోనే పోయారు. ఆ సంగతి జాతకాలు చూసేవాళ్ళకి వదిలేద్దాం.) గ్యాస్ వెల్డింగ్ పనివాళ్ళు అల్యూమినియానికి చల్లే ఫ్లక్స్ పొడి చేసేదీ ఇదే పని. అందులోని క్లోరైడు, ఫ్లోరైడు ఉప్పులు పొరని తమలో కలిపేసుకుంటాయి. పనయ్యాక వేణ్ణీళ్ళతో కడిగెయ్యకపోతే ఆ ఉప్పులే నెమ్మదిగా అతుకుని తింటాయి.

ఆటోనగర్‌లో నేను వెళ్ళిన షాపులో పొడులేమీ లేవు. లారీల డీజిలు ట్యాంకులు, రేడియేటర్లు, పగిలిన గేరుబాక్సు తొడుగులు నేలంతా పరిచి ఉన్నాయి. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. మనవాళ్ళు ఆర్గాన్ వెల్డింగ్ అనేదాన్నే పుస్తకాల్లో టిగ్ అంటారు. టార్చి కొసన టంగ్‌స్టన్ సూది ఉంటుంది. అది 3,422 డిగ్రీల దాకా కరగదు. చుట్టూ ఆర్గాన్ వాయువు గొడుగులా కమ్ముకుని ఆక్సిజన్‌ని దరిచేరనివ్వదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని నార్త్రాప్ విమాన కంపెనీలో రస్సెల్ మెరిడిత్, విమానాలకి మెగ్నీషియం అతకడం కోసం ఈ పద్ధతిని హీలియంతో కుదిర్చాడు. గాలిలో దాదాపు ఒక శాతం ఆర్గానే కాబట్టి మన షాపుల్లో దాని సిలిండర్లే కనిపిస్తాయి.

ఆర్గాన్ కొత్త పొర కట్టకుండా ఆపుతుంది. మరి అప్పటికే ఉన్న పొర సంగతో? దాన్ని కరెంటే ఊడుస్తుంది. సూదిని నెగటివ్‌గా పెడితే ఎలక్ట్రాన్లు రేకు మీద పడతాయి, వేడంతా రేకుకి చేరుతుంది, పొర మాత్రం కదలదు. తిప్పి పెడితే ఎలక్ట్రాన్లు రేకులోంచి బయటికి వస్తాయి, బరువైన ఆర్గాన్ అయాన్లు రేకుని గుద్దుతాయి. పొర చితికి చెదిరిపోతుంది. కానీ అప్పుడు వేడిలో పెద్దవాటా సూదికే పోయి దాని మొన ముద్దయిపోతుంది. అందుకే ఏసీ కరెంటు వాడతారు. ఒక క్షణం ఊడుపు, మరుక్షణం మంట, సెకనుకి వందసార్లు ఇలా మారుతూనే ఉంటాయి. ఈ కాలపు మిషన్లలో ఏది ఎంతసేపో మరతో తిప్పుకోవచ్చు. మేస్త్రీ మంటకి 70 పాళ్ళు, ఊడుపుకి 30 పాళ్ళు పెట్టాడు. అతుక్కి రెండు పక్కలా విభూతి పూసినట్టు సన్నటి తెల్లచార వస్తుంది. ఊడుపు అంతవరకూ పనిచేసిందని దాని అర్థం.

నల్లద్దం పెట్టుకుని చూడనిచ్చాడు. గేటు వెల్డింగులా చిటపటలు లేవు, తుమ్మెద రొద లాంటి జుమ్మనే చప్పుడొకటే. మొదట సూది కింద రేకు మసకగా చెమర్చినట్టు కనిపించింది. ఆయన కదలకుండా ఆగాడు. ఉన్నట్టుండి ఆ మసక పక్కకి జరిగి, నడుమ పాదరసం బొట్టులా అద్దం తేలింది. అప్పుడు ఎడమచేతి రాడ్డుని ఒక్కసారి ముంచి తీశాడు. తీసినా ఆర్గాన్ గొడుగు దాటనివ్వలేదు. ముంచడం, జరగడం, ముంచడం. నాణేలు వరసగా వాల్చి పరిచినట్టు అతుకు సాగింది. కుడికాలు మాత్రం కరెంటు పెడల్‌ని అంగుళానికింత వదులుతూనే ఉంది. మామూలు ఉక్కు కంటే అల్యూమినియం నాలుగైదు రెట్లు జోరుగా వేడిని లాక్కుపోతుంది. మొదలెట్టేటప్పుడు ఎంత మంటైనా చాలదు. చివరికొచ్చేసరికి రేకంతా కాగిపోయి, కాలు వదలకపోతే చిల్లే. పైగా ఇనుములా ఎర్రబడి ముందస్తు కబురు చెప్పే అలవాటు దీనికి లేదు. వెండిలా ఉన్నది వెండిలా ఉన్నట్టే జారి కింద పడుతుంది. రేకు అంచు నేలకి ఆనేలా వంచేటప్పుడు పగలకుండా ముందుగా మెత్తబరచాలి. ఆ వేడి ఎంతో తెలియడానికి మేస్త్రీ బట్టల సబ్బు ముక్కతో రేకు మీద గీతలు గీసి, కింద గ్యాసు మంట పెట్టాడు. గీతలు నల్లబడగానే మంట తీసేశాడు. ఆయన థర్మామీటరు అదే.

అసలు మంట వెలిగించే ముందే ఆయన సగం పొద్దు తుడవడానికి ఖర్చుపెట్టాడు. ముందు ఎసిటోన్, తరవాత స్టెయిన్‌లెస్ బ్రష్షు. వరస తిరగబడితే బ్రష్షు నూనెని లోహంలోకి రుద్దేస్తుంది. ఆ బ్రష్షు ఇనుముని తాకనే కూడదు. (క్లోరిన్ ఉన్న క్లీనర్లు వాడితే ఆర్క్ వెలుగులో ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.) ఇంత మడి ఎందుకంటే, నూనె, చెమట, వానాకాలపు చెమ్మ, వీటన్నిటిలోనూ హైడ్రోజన్ ఉంది. కరిగిన అల్యూమినియం దాన్ని ఆబగా తాగుతుంది. గట్టిపడేటప్పుడు మాత్రం తాగినదాంట్లో ఇరవయ్యో వంతే లోపల పడుతుంది, మిగతాది బుడగలై చిక్కుకుంటుంది. ఫ్రిజ్‌లో ఐసు ముక్క నడుమ తెల్లగా బుడగలు పేరుకుంటాయి చూడండి, ఆ తంతే ఇక్కడా. పైకి అందంగా కనిపించిన అతుకుని కోసి చూస్తే లోపల జల్లెడ.

బుడగలు తప్పినా పగుళ్ళ భయం ఉంది. కరిగిన అల్యూమినియం గట్టిపడుతూ ఆరేడు శాతం కుంచించుకుపోతుంది. 6061 అనే రకాన్ని రాడ్డు లేకుండా దానితోనే దాన్ని అతికితే, చివరగా గడ్డకట్టే రేణువుల మధ్య ద్రవం చాలక ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. 5 శాతం సిలికాన్ ఉన్న 4043 రాడ్డు వేస్తే ఆ నెర్రెల్ని నింపేటంత ద్రవం మిగులుతుంది. కాకపోతే తరవాత ఎనొడైజింగ్ (కరెంటుతో పైపొరని మందంగా పెంచడం) చేయిస్తే అతుకు నల్లబూడిద రంగు తేలి ఎవరికైనా కనిపిస్తుంది. రంగు కలవాలంటే మెగ్నీషియం ఉన్న 5356 కావాలి. మా ఇంటి వాలుకి రంగు పట్టింపు లేదు.

మేస్త్రీతో నాకు పేచీ వచ్చింది ఇంకో చోట. షాపులో 90 సెంటీమీటర్ల తుక్కు రేకులు రెండు చవగ్గా ఉన్నాయి. మధ్యలో అతికితే సరిపోతుంది, కొత్త రేకు ఖర్చు తప్పుతుంది. "నడుమ అతుకు నేను వెయ్యనండి" అన్నాడు. బేరం పెంచుతున్నాడనుకున్నాను. పొరపాటు నాదే.

గట్టి అల్యూమినియం పుట్టుకతో గట్టిది కాదు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్, కాస్త రాగి, కాస్త మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని ఉక్కులా కాల్చి నీళ్ళలో ముంచాడు. వెంటనే గట్టిపడుతుందని ఎదురుచూస్తే ఏమీ కాలేదు. ముక్కని అలా వదిలేసి, సెలవు దాటాక వచ్చి కొలిస్తే దానంతటది గట్టిపడి ఉందని చెప్పుకుంటారు. మనం ఊరగాయని ఊరబెట్టినట్టు, లోహం లోపల పరమాణువులు తీరిగ్గా చిన్నచిన్న గుంపులు కట్టి, ఒక వరస ఇంకో వరస మీదుగా జారకుండా అడ్డుపడతాయి. 6061లో మెగ్నీషియం, సిలికాన్ జంటగా ఈ పని చేస్తాయి. ఫ్యాక్టరీలో 530 డిగ్రీల దగ్గర కాల్చి, ముంచి, ఆపైన 175 డిగ్రీల చుట్టుపక్కల గంటల తరబడి ఊరబెడతారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గుంపులు చెదిరిపోతాయి, ఉబ్బిపోతాయి. అతుకు పక్కన అంగుళం మేర లోహం బలం దాదాపు సగానికి పడిపోతుంది. వెల్డరు ఎంత నేర్పరైనా తప్పదు. అతుకు విరగదు, దాని పక్కన విరుగుతుంది.

అందుకే రాకెట్లు చేసేవాళ్ళు అసలు కరిగించకుండా అతికే దారి పట్టారు. 1991లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరి టీడబ్ల్యూఐ సంస్థ కనిపెట్టిన పద్ధతిలో, గిరగిరా తిరిగే గట్టి మేకుని రెండు అంచుల మధ్య దింపి నడిపిస్తారు. రాపిడికి మెత్తబడిన లోహం ముద్దలా కలిసిపోతుంది. కరగదు కాబట్టి హైడ్రోజన్ బుడగలూ లేవు, నెర్రెలూ లేవు. ఫాల్కన్ 9 ట్యాంకులు ఇలా అతికినవే. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 క్రయోజెనిక్ ట్యాంకులకి ఇస్రో ఎంచుకున్న 2219 రకమైతే, రాగి ఎక్కువున్నా వెల్డింగుకి లొంగుతుంది. ఆ జాతికే చెందిన 2024 రకాన్ని ఆర్క్‌తో కరిగించి అతికితే పగులుతుంది.

ఆటోనగర్‌లో ఆ యంత్రాలు లేవు, మేస్త్రీ దగ్గర ఉన్నది లెక్క. ఒకే కొలతల రేకుల మీద ఒకే బరువు పెడితే అల్యూమినియం ఇనుము కంటే మూడింతలు వంగుతుందని ఆయన అనుభవం, పుస్తకం మాటా అదే. కాబట్టి మందం పెంచడం మాని ఒకే ముక్క 4 మిల్లీమీటర్ల రేకు తీసుకుని, కింద నిలువునా మూడు ఛానెళ్ళు పెట్టాడు. కుర్చీ బరువు పడినప్పుడు పై రేకు నొక్కుకుంటుంది, ఛానెల్ అడుగు సాగుతుంది. నడుమ ఎక్కడో సాగుడూ నొక్కుడూ లేని గీత ఒకటి ఉంటుంది. తరవాత ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసి చూస్తే ఆ గీత రేకు అడుగునుంచి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తేలింది. మేస్త్రీ అతుకులన్నీ రేకూ ఛానెలూ కలిసే మూలలోనే, అదీ ఇంత రాసి ఇంత వదిలి, తునకలుగా వేశాడు. బలం పోగొట్టుకున్న చోటు బలంతో పనిలేని చోటు పక్కనే పడింది. ఛానెల్ అడుగుని మంట తాకనే లేదు. మొత్తం 19 కిలోలు.

తెచ్చుకునే రోజు అమ్మ కూడా వచ్చింది. ఎత్తడానికి పట్టు కావాలంది. ఛానెల్ అడుగున ఒక పిడి అతికెయ్యమన్నాను, రెండు నిమిషాల పని. మేస్త్రీ ఆర్గాన్ సిలిండరు మూసేసి డ్రిల్లింగ్ మిషను తీశాడు. పక్క ఛానెల్ గోడకి సగం ఎత్తులో రెండు బెజ్జాలు వేసి, స్టెయిన్‌లెస్ బోల్టుల కింద నైలాను వాషర్లు దూర్చి పిడి బిగించాడు. "ఈ ప్లాస్టిక్కు ఎందుకయ్యా?" అనడిగింది అమ్మ.

"స్టీలూ సత్తూ ఒకదాన్నొకటి తగిలి వానకి తడిస్తే, సత్తుని తినేసుద్దండి" అన్నాడు, రెండో బోల్టు తిప్పుతూ.