తాళంచెవుల జంట

ఓరుగల్లు కోటకు వెలుపల మట్టిగోడ, లోపల రాతిగోడ రక్షణగా నిలిచాయి. శత్రువును నిలువరించడమే కాదు, అయినవారిని గుర్తించి లోనికి అనుమతించడమూ ద్వారపాలకుని ధర్మమే. నేటి కంప్యూటర్లకూ ఇదే బాధ్యత.

వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో విండోస్ వాడే విద్యార్థి, హైదరాబాదులోని లినక్స్ కంప్యూటరులో పనిచేయవలసి వచ్చిందనుకొందాం. పూర్వపు టెల్నెట్ పద్ధతిలో పాస్‌వర్డు బహిరంగంగానే ప్రయాణించేది; దారిలో పొంచినవారు దానిని తస్కరించేవారు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో అట్టి చౌర్యం జరగగా, అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ 'సెక్యూర్ షెల్' అనే విధానాన్ని రూపొందించాడు.

ఇందులో తాళంచెవులు రెండు. 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్' అనే ఆదేశం ఆ జంటను సృష్టిస్తుంది. రహస్యమైనది విద్యార్థి కంప్యూటరులోనే ఉంటుంది. బహిరంగమైనది దూరపు కంప్యూటరులోని 'ఆథరైజ్డ్ కీస్' ఫైలులో చేరుతుంది. ప్రవేశించే వేళ విద్యార్థి కంప్యూటరు రహస్యపు తాళంచెవితో డిజిటల్ సంతకం చేస్తుంది. దూరపు కంప్యూటరు బహిరంగపు తాళంచెవితో దానిని సరిచూస్తుంది. రహస్యం మాత్రం గడప దాటదు. నియమం ఉభయులకూ ఒకటే కావున విండోస్, లినక్స్ అనే భేదం అడ్డురాదు. 2018 నుండి విండోస్ 10లోనే ఈ సాధనం అమరి వస్తున్నది.

అయినను రెండు జాగ్రత్తలు అవసరం. బహిరంగపు తాళంచెవి ఉన్న ఫైలులో ఇతరులు వ్రాయగల వీలుంటే లినక్స్ సాధారణంగా దానిని తిరస్కరిస్తుంది. రహస్యపు తాళంచెవికి రహస్యవాక్యం రక్షణగా ఉంచాలి. దానిని ప్రాణమిత్రునికైనా ఇవ్వరాదు. తాళంచెవి పరుల చేత చిక్కిన పిదప కోటగోడలెన్ని ఉన్నా నిష్ప్రయోజనమే.