పాత లారీకి గేరు తప్పుటయు, నూనె కారుటయు



వరికోతలు ముగిసి కుప్పనూర్పిళ్లు సాగు దినములలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి పాత లారీలకు విశ్రాంతి యుండదు. కల్లము నుండి మిల్లునకు ధాన్యము, చేల నుండి దొడ్లకు గడ్డి, బట్టీల నుండి ఊళ్లకు ఇటుక మోయవలసినవి పెక్కుచోట్ల అవియే. అట్టి బండి గల యింట నిత్యము వినబడు ఫిర్యాదులు రెండు. గేరు సరిగా పడుట లేదనునది యొకటి, నూనె కారుచున్నదనునది రెండవది. ఈ రెండింటిని వేఱువేఱు రోగములుగా నెంచి, వేఱువేఱు చోట్ల వైద్యము చేయించుట మనకు వాడుక. పెక్కు పర్యాయములు అవి యొకే రోగమునకు రెండు చిహ్నములు. ఈ సంగతి నేను చేతిచమురు వదలించుకొని నేర్చుకొంటిని గావున మీకు విన్నవించుచున్నాను.

మాకు టాటా 1210 లారీ యొకటి యుండెను. మా పెద్దలు దానిని బెంజి బండి యనియే పిలిచెడివారు. టాటావారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి కంపెనీతో కలిసి జంషెడ్‌పురమున లారీలు చేయ నారంభించిరి. ఆ పొత్తు 1969లో ముగిసినను పేరు మాత్రము జనుల నోట నిలిచినది. 1210 అను సంఖ్యలో మొదటి రెండంకెలు బండియు సరకును కలిసిన మొత్తపు బరువును టన్నులలో తెలుపును. కావున 75 కిలోల ధాన్యపు బస్తాలు నూఱు వేసినచో, అనగా ఏడున్నర టన్నులు, బండి సొంత బరువుతో కలిసి ఇంచుమించు హద్దు చేరినట్లే. మనవారు నూఱుతో ఆగుదురా యన్నది వేఱు ప్రశ్న.

ఆ బండికి గేరుబాక్సు వెనుకటి ఆయిల్ సీలు నుండి నూనె కారుచుండెను. ఒక షెడ్డులో ఏడాదిలో మూడు మారులు సీలు మార్చిరి. మార్చిన నెలకే మరల కారెడిది. మేమును విసిగి, అడుగున రేకుడబ్బా పెట్టుటతో సరిపుచ్చితిమి. ఆ పుష్యమాసములో రేపల్లె వైపు నుండి ధాన్యము నింపుకొని తెనాలికి వచ్చుచుండగా, నేను డ్రైవరు ప్రక్కనే కూర్చుంటిని. ఈ సీమలో కొండలు లేవు. ఎక్కుడు అనిన కాలువ వంతెనలే. వంతెన మీదికి సగము ఎక్కునప్పటికి రెండవ గేరు దానియంతట అదియే జారి వెలుపలికి వచ్చెను. బ్రేకు నొక్కినను బరువునకు బండి వెనుకకు రెండు మూడు బారలు జారెను. క్లీనరు కుఱ్ఱవాడు దుమికి వెనుక చక్రము క్రింద దిమ్మ వేసెను. వాడు చేయి వెనుకకు తీసికొనుటకును చక్రము దిమ్మ నెక్కుటకును నడుమ రెప్పపాటు కాలము గూడ లేదు. ఒక ప్రక్క కాలువ నిండుగా పారుచుండెను. ఆ చేయి నాకు నేటికిని కనబడుచుండును.

మఱునాడు తెనాలిలో ఒక ముసలి మేస్త్రీ యొద్దకు బండిని తీసికొనిపోతిమి. ఆయన గేరుబాక్సు విప్పక ముందే పైభాగమును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వ్రేలితో ఒకచోట తడిమి, “బాబుగారూ, సీలు మూడుసార్లు మార్చారు, ఈ ఊపిరి గొట్టం ఒక్కసారైనా చూశారా?” అని యడిగెను. చూడలేదు. గేరుబాక్సు నెత్తిన గాలి వచ్చి పోవుటకు సన్నని రంధ్రము గల మూత యుండును. దానిని బ్రీదరు అందురు. అది మట్టితో నిండి, ఆ పైన రంగుతో పూడిపోయినది. ఆ రంగు దసరాకు మేము ముచ్చటపడి వేయించినదే!

ఇప్పుడు జరిగినది వినుడు. బండి నడచునప్పుడు పెట్టెలోని నూనెయు గాలియు వేడెక్కును. 30 డిగ్రీల గాలి 90 డిగ్రీలకు వేడెక్కిన, అది సుమారు ఐదవ వంతు అధికమగు చోటు కోరును. బ్రీదరు తెఱచియున్న ఆ గాలి బయటికి పోవును. మూసికొనియున్న లోపల ఒత్తిడి పెరిగి, సీలు పెదవిని త్రోసికొని నూనెను బయటికి నెట్టును. సీలు ఎంత క్రొత్తదైన నేమి? నూనె మట్టము తగ్గగా, పై భాగమున నుండు బేరింగులకు తడి చాలక అవి అరిగినవి. బేరింగు అరిగిన షాఫ్టు ఊగును. షాఫ్టు ఊగిన పండ్లు నిండుగా కరచుకొనక, బరువు పడినప్పుడు గేరు వెలుపలికి త్రోయబడును. పైసా ఖర్చు లేక తీగతో పొడిచి శుభ్రము చేయదగిన రంధ్రము కుఱ్ఱవాని చేతిదాక తెచ్చినది.

అందుచేత గేరు మొరాయించినదని విన్నప్పుడు పెట్టె విప్పించుటకు తొందరపడరాదు. మొదట ఇంజను ఆపి, బండి కదలక యుండగా గేర్లు వరుసగా వేసి చూడవలెను. తరువాత ఇంజను నడుచుచుండగా క్లచ్చి పూర్తిగా నొక్కి వేసి చూడవలెను. ఆపినప్పుడు సులువుగా పడి, నడుచునప్పుడు గరగరమని మొరాయించిన, దోషము సాధారణముగా గేరుబాక్సులో లేదు. క్లచ్చి పూర్తిగా విడుట లేదు. పెడలు నొక్కగనే పని చేయక మొదట కొంత ఖాళీగా కదలును. ఆ ఖాళీ పాతబండ్లలో అంగుళమునకు అటునిటుగా నుండును గాని, ఆయా బండి పుస్తకములో వ్రాసిన కొలతయే ప్రమాణము. ఖాళీ మితిమీఱిన క్లచ్చి విడువదు. బొత్తిగా లేకున్న క్లచ్చి జారి కాలిపోవును. నూనె ఒత్తిడితో పనిచేయు క్లచ్చియైన, గొట్టములో గాలి చేరినదేమో, సిలిండరు తడిసియున్నదేమో చూడవలెను. వానకాలమంతయు షెడ్డులో కదలక నిలిచిన బండికి క్లచ్చి ప్లేటు త్రుప్పుతో చక్రమునకు అంటుకొనుటయు గలదు.

ఇంజను ఆపినను నడిపినను గేరు కష్టముగనే పడుచున్నచో లివరు వైపు చూడవలెను. గేరు లివరు పడవవాని తెడ్డు వంటిది. నడుమ ఒక గుండు మీద ఆని, పైకొన ఇటు కదలిన క్రిందికొన అటు కదలును. ఆ క్రిందికొన పెట్టెలోని కడ్డీలలో ఒకదానిని పట్టి జరపును. కడ్డీకి పంగలకఱ్ఱ వంటి ఫోర్కు యుండి గేరును కలుపు కంకణమును త్రోయును. కడ్డీ తనచోట నిలుచుటకు దానిమీద గంట్లును, గంటులో పడుటకు స్ప్రింగు గల చిన్న ఉక్కుగుండును ఉండును. లివరు పిండి కలుపు గరిటె వలె అన్నివైపుల ఆడుచున్నచో, ఆ గుండు క్రింది బుష్షు అరిగినదని యెంచవచ్చును. ఇది మిగుల చవుక సామాను. విజయవాడ ఆటోనగరులో పాతబండ్ల సామానులు వెదకువారికి దొరకును. అన్ని గేర్లు బాగుండి ఒక్క గేరే జారిపోవుచున్నచో, స్ప్రింగు నీరసించుటయో, ఫోర్కు అరుగుటయో, మా బండిలో వలె షాఫ్టు ఊగుటయో కారణము. స్ప్రింగు మార్చుటకు పైమూత విప్పిన చాలును. షాఫ్టు సంగతి యట్లు కాదు.

గేరు జాఱుచున్నదని కొందఱు డ్రైవర్లు పాత ట్యూబు ముక్క కోసి లివరును సీటునకు కట్టుదురు. కొందఱు దారి పొడుగున చేతితో అదిమి పట్టుదురు. ఇంతకంటె చెఱుపు వేఱొకటి లేదు. అదిమినంతసేపు ఫోర్కు తిరుగుచున్న కంకణమునకు ఒఱసికొని అరుగుచునే యుండును. రబ్బరు కట్టిన బండిని మీరు చూచినచో, లోడు వేయనీయకుడు.

దారిలో లివరు రెండు గేర్ల నడుమ చిక్కుకొని కదలకున్న సందర్భమొకటి కలదు. లివరు కొన ఒక కడ్డీ గాడి నుండి జారి మఱొక దానిపై నెక్కుట చేత ఇట్లగును. లివరు పైననే నున్న బండ్లలో ఇంజను ఆపి, చక్రములకు దిమ్మలు వేసి, లివరు మూత బోల్టులు విప్పి, కడ్డీల గాళ్లు ఒకే వరుసకు వచ్చునట్లు స్క్రూడ్రైవరుతో సరిచేసి మరల బిగించిన సరిపోవును. సుత్తితో కొట్టరాదు.

ఇక నూనె మాట. కారుచున్నది ఏ నూనెయో తెలియక సీలు మార్పించుట, జ్వరమేదో తెలియక మాత్ర మ్రింగుట వంటిది. రాత్రి బండి క్రింద తెల్లకాగితములు పఱచి తెల్లవాఱి చూడుడు. ఇంజను నూనె నల్లగా పలుచగా నుండును. గేరు నూనె చిక్కగా నుండి గంధకపు వాసన కొట్టును. బ్రేకు నూనె నీటివలె పలుచన. ఆ మచ్చ కనబడిన బండి కదలరాదు. చోటు కనిపెట్టుటకు మన యింటనే సాధనము గలదు. అనుమానమున్న భాగమును కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, ముగ్గుపిండి చల్లి, అయిదాఱు కిలోమీటర్లు నడిపి చూడుడు. పిండి మొదట తడిసిన చోటే మూలము. గాలి నూనెను వెనుకకు కొట్టును గావున, తడిసిన వానిలో మిక్కిలి ముందున్నదానిని, మిక్కిలి పైనున్నదానిని పట్టుకొనవలెను.

ఇంజనుకును గేరుబాక్సుకును నడుమ క్లచ్చి హౌసింగు అడుగున పెక్కు బండ్లలో చిన్న రంధ్రముండును. అందుండి నల్లని నూనె చుక్కలు పడిన ఇంజను వెనుకటి సీలును, గంధకపు వాసన గల నూనె పడిన గేరుబాక్సు ముందటి సీలును అనుమానింపవలెను. కారుట కనబడకుండ ఆ రంధ్రమునకు బిరడా కొట్టువారున్నారు. బిరడా కొట్టిన నూనె క్లచ్చి ప్లేటు మీదికి పోవును. అప్పుడు వంతెన మీద ఇంజను అరచును గాని బండి కదలదు.

సీలు మార్చునపుడు మేస్త్రీని ఒక మాట అడుగుడు: షాఫ్టు మీద సీలు పెదవి ఆను చోట గాడి పడినదా? గోటితో రాచిన తెలియును. గాడి యున్నచో క్రొత్త సీలు అదే చోట నిలువదు. వీలున్న చోట కొంచెము లోతుగనో వెలికో అమర్చవలెను, లేదా షాఫ్టునకు పలుచని తొడుగు వేయింపవలెను. నూనె మట్టము గూడ చూడవలెను. బండిని సమతలమున నిలిపి, ప్రక్కనున్న బిరడా తీసిన, పెక్కు గేరుబాక్సులలో నూనె ఆ రంధ్రపు క్రింది అంచును తాకుచుండవలెను. అంతకు మించి పోసిన అదియే కారును. కారుట తగ్గునని పుస్తకములో చెప్పినదానికంటె చిక్కని నూనె పోయుట గూడ తగదు. చలి ఉదయమున అది బేరింగులకు ఆలస్యముగా అందును, గేరు బరువుగా పడును. పాతబండి కొనబోవువారు నూనెను వ్రేళ్ల నడుమ నలిపి చూచుట మంచిది. పండ్ల మ్రోత వినబడకుండ రంపపుపొట్టు కలిపి అమ్ముట లోకమంతట ఎఱిగిన మోసము.

ఈ తీరప్రాంతమున మఱొక యాపద గలదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువ తీరము దాటినప్పుడు చేలును దారులును నీట మునిగినవి. వేడిగా నున్న గేరుబాక్సు చల్లని నీట మునిగిన, లోపలి గాలి ముడుచుకొని బ్రీదరు గుండ నీటిని పీల్చుకొనును. తరువాత నూనె మజ్జిగ వలె తెల్లబడును. ఇరుసు మునుగు నీటిలో నడచిన బండికి గేరుబాక్సు నూనెయు, వెనుక హౌసింగు నూనెయు తప్పక చూడవలెను. తెల్లబడినచో మొత్తము దింపి క్రొత్తది పోయవలెను. ఉప్పునీరైన మఱునాటికి వాయిదా వేయరాదు.

మా బండికి బేరింగులు, ఒక సీలు, బ్రీదరు మూత వేసిరి. కట్టిన వెంటనే లోడు వేయనీయక, ముందు ఖాళీగా భట్టిప్రోలు దాక పోయి రమ్మని మేస్త్రీ చెప్పెను. తిరిగివచ్చిన పిమ్మట ముగ్గుపిండి పొడిగనే యుండెను. ఆ తరువాతనే నలువది బస్తాలు వేసితిమి. రెండవ గేరు నిలిచెను. క్లీనరు కుఱ్ఱవాడు ఆ నాటినుండి ప్రతి ఆదివారము బండి యెక్కి, బ్రీదరు మూతను త్రిప్పి చూచి, గుడ్డతో తుడిచి దిగెడివాడు.