ముందు పై ప్లగ్గు, తర్వాతే కిందిది

సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి ఆ ఊరి మీదుగా పి.కోనవలస ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు పోయే పాత మహీంద్రా జీపులకు వెనక డిఫరెన్షియలే ప్రాణం. ఇంజను బలాన్ని చక్రాలకు మళ్లించేదీ, మలుపులో బయటి చక్రాన్ని ఎక్కువ తిరగనిచ్చేదీ అదే.

అలాంటి బండి డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడానికి షెడ్డుకొస్తే నేను ముందు ఆయిల్ దించే కింది ప్లగ్గు ముట్టను. ఆయిల్ పోసే పై ప్లగ్గు ఊడుతుందో లేదో చూస్తాను. అది ఊడకముందే ఉన్న ఆయిల్ దించేస్తే బండిని కదల్చలేం.

పై ప్లగ్గు ఊడకపోతే, మట్టి, తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా నాననిస్తాను. పొద్దున్నే చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి, సరిగ్గా పట్టే పానాయే వేస్తాను. తల అరిగిపోయి పానా జారుతుంటే, బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గుమీద నట్టు వెల్డింగ్ చేయిస్తాను. ఆ వేడికి తుప్పు పట్టు సడలుతుంది. డ్రిల్లు ఆఖరి దారి. ఇనప రజను లోపల పడితే గేర్ల పళ్లు తినేస్తుంది.

ఊడాక కింది ప్లగ్గు తీసి పాత ఆయిల్ దించి, దాన్ని మళ్లీ బిగించి, 90 నంబరు గేరాయిల్ కన్నం అంచుదాకా పోసి, పైన కొత్త ప్లగ్గు బిగించాలి. డ్రైవర్లూ, వానలకు ముందే ఒకసారి విప్పించి చూసుకోండి. ఆయిల్ ఎండి పళ్లు అరిగితే క్రౌన్, పినియన్ గేర్లు రెండూ మార్చాల్సిందే.