జీపు సీటు, అత్తయ్యగారి బొంత

"సీట్లు బాగుచెయ్యడానికి షాపులున్నాయిగా, నీకెందుకీ తంటా?" అన్నారు మావారు. నిజమే, ఉన్నాయి. కానీ షాపువాడు రెండు సీట్లకీ కలిపి 900 డాలర్లు అడిగాడు. ఆ పాత జీపు మీద అంత పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

మేం అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ దగ్గర ఉంటాం. మాది 2001 మోడల్ జీప్ రాంగ్లర్. కొండలూ గుట్టలూ ఎక్కడానికి చేసిన బండి. రెండే తలుపులు, పైన రేకు బదులు గుడ్డ. ఎండాకాలం ఆ గుడ్డ తీసేసి తిరుగుతుంటే ఎంత హాయో, చలికాలం అంత అవస్థ. హీటర్ గాలి వెచ్చబడేసరికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఈలోగా సీటు మంచుగడ్డే! పైగా ఇరవై ఏళ్ళు దాటిన ఫోము. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒరుసుకుని తలుపువైపు అంచు అణిగిపోయింది. అలా ఓ పక్కకి ఒరిగి నడిపీ నడిపీ నాకు నడుంనొప్పి పట్టుకుంది. ఆఫీసుకి రానూ పోనూ రోజుకి గంటన్నర మరి.

అప్పుడే అత్తయ్యగారు తెనాలి నుంచి వస్తున్నారని తెలిసింది, 2023 అక్టోబరులో. డెబ్భై రెండేళ్ళ మనిషి. పదిహేనేళ్ళుగా షుగరు. చలంటే హడలు. ఆవిడ కోసమైనా కుషన్లు మార్చి, లోపల హీటర్లు పెట్టేద్దామనుకున్నాను. కొత్త ఫోములు, సీటు కవర్లు, రెండు సీట్ల హీటర్ సెట్టు... అన్నీ కలిపి షాపువాడు చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు.

అన్నట్టు, ఈ సీటు హీటర్లు కొత్తవేం కాదు. 1966లోనే కాడిలాక్ కార్లలో డబ్బు కడితే పెట్టిచ్చేవారు. స్వీడన్‌లో సాబ్ కంపెనీ 1972 మోడల్ కార్లలో డ్రైవరు సీటుకి మామూలుగానే బిగించింది.

పని మొదలుపెట్టిన రోజు పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూసి, తనే పానాల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మెకానిక్‌గా చేశాడట. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయించాడు. తర్వాత బోల్టులు విప్పి సీటుని గ్యారేజీలోకి మోసుకొచ్చాం. కవరుని ఫోముకి పట్టి ఉంచేవి చిన్నచిన్న ఇనప రింగులు. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి కవరు లాగేసరికి లోపలి ఫోము పసుప్పచ్చటి పొడిలా రాలింది. మా చిన్నప్పుడు దూది ఏకేవాళ్ళు వచ్చి అమ్మ పరుపులు విప్పించినప్పుడు వాకిలంతా లేచే దుమ్ము గుర్తొచ్చింది. ముక్కుకి చున్నీ కట్టుకున్నాను.

కొత్త ఫోము ఓ మూల కాస్త ఎక్కువైంది. దాన్ని కత్తెరతో కోస్తే ఎలక కొరికినట్టు వస్తుంది. వంటింట్లోంచి కరెంటు చాకు తెచ్చాను, కేకు కోసినంత నున్నగా తెగింది. ఇక కవరు తొడగడం చూశారూ, బిగుతైన దిండుకి గలీబు తొడగడమే! ఫోము మీద పల్చటి ప్లాస్టిక్ సంచీ వేస్తే కవరు జర్రున జారుతుంది. తర్వాత సంచీ లాగేయాలి. ముడతలకి ఇస్త్రీపెట్టె ఆవిరి. ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టుకున్న చెయ్యి కదా, ఈ పనిలో పెద్దాయన కంటే నేనే నయం అనిపించుకున్నాను.

హీటరంటే మరేం లేదు, లోపల వేడెక్కే తీగలల్లిన పల్చటి చాప. కూర్చునేచోట ఒకటి, వీపు దగ్గర ఒకటి, ఫోముకీ కవరుకీ మధ్యన అతికించాలి. ఒక్కో సీటు సుమారు 50, 60 వాట్లు తింటుంది, మన పాతకాలం బల్బంత. ఫ్యూజు తప్పనిసరి. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా రిలే ద్వారా కలపాలి, లేకపోతే మర్చిపోయిన రాత్రి బ్యాటరీ ఖాళీ! సీటు ముందుకీ వెనక్కీ జరిగినప్పుడు తీగ నలిగిపోకుండా కాస్త వదులు ఉంచాలి. చాప కదలకుండా నేను గుండుసూదులు తీస్తుంటే పెద్దాయన చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. సూది గుచ్చితే తీగ తెగుతుంది, లేదా అక్కడే కాలుతుంది.

ఈ మధ్య వచ్చే చాలా కార్లలో సీటు పక్కనే ఎయిర్‌బ్యాగు, ముందు సీటు కుషన్‌లో మనిషి ఉన్నదీ లేనిదీ కనిపెట్టే సెన్సరు ఉంటాయి. అలాంటి సీట్ల జోలికి ఇంట్లో పోకూడదు. మా పాతబండికి అవి రెండూ లేవు.

డ్రైవరు సీటు బ్రహ్మాండంగా వచ్చింది. రెండోదానికొచ్చేసరికి పొద్దుపోయింది, పెద్దాయన వెళ్ళిపోయాడు. కింది చాప ముందు అంచున రెండంగుళాలు ఎక్కువైంది. 'దీనికేముందిలే' అని చీర అంచు మడిచినట్టు లోపలికి మడిచేశాను. సెట్టుతో వచ్చిన కాగితం చదవలేదు. ఇదిగో, ఇక్కడ నా తెలివి తెల్లారింది.

నవంబరులో అత్తయ్యగారిని ఎస్టెస్ పార్క్ తీసుకెళ్ళాం. డెన్వర్‌కి 70 మైళ్ళు, 7,500 అడుగుల ఎత్తులో ఊరు. ఎల్క్ అనే పెద్దపెద్ద దుప్పులు నడివీధుల్లో తిరుగుతుంటాయి. ఆవిడ పాత చీరలతో కుట్టిన బొంత తెనాలి నుంచి మోసుకొచ్చారు. దాన్నే ఒక మడత సీటు మీద, ఇంకో మడత కాళ్ళ చుట్టూ ఒళ్ళోదాకా. హీటరు "హై"లో పెట్టాను. "అమ్మాయ్, పొయ్యి పక్కన కూర్చున్నట్టుందే!" అని మురిసిపోయారు. తిరుగు ప్రయాణంలో గంటన్నరా హాయిగా నిద్రపోయారు.

రాత్రి చీర మార్చుకుంటూ నన్ను పిలిచారు. కుడి తొడ కింద అరచెయ్యంత మేర ఎర్రగా కంది, మధ్యలో రెండు బొబ్బలు. "నొప్పి లేదే, నాకసలు తెలీనే లేదు. కాస్త టూత్‌పేస్టు రాయి, అదే పోతుంది" అన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం! ఏళ్ళ తరబడి షుగరున్నవాళ్ళలో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. మామూలు మనిషైతే 'అబ్బా' అని కదులుతాడు. ఆవిడకి ఆ 'అబ్బా' లేదు.

పేస్టూ, వెన్నా, ఐసూ ఏవీ పెట్టనివ్వలేదు. కుళాయి కింద చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు పోసి, బొబ్బలు చిదపకుండా శుభ్రమైన గుడ్డ కప్పి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ నన్ను మందలించలేదు గానీ విడమరిచి చెప్పింది. సలసలా కాగనక్కర్లేదట. 44 డిగ్రీల సెల్సియస్ వేడి అదేపనిగా ఒకేచోట ఆరు గంటలు తగిలినా చర్మం కాలుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ గంటలు నిమిషాలవుతాయి. మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అత్తయ్యగారు ఓ పక్కకి ఒరిగి కూర్చుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇటు మావారు ఒక్కమాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడే సీటు విప్పాను. సరిగ్గా కాలిన చోటే నేను మడిచిన అంచు! చాప మడతపడితే అక్కడ వేడి రెట్టింపవుతుంది. బొంత ఆ వేడిని బయటికి పోనివ్వలేదు. అప్పుడు తీరిగ్గా కాగితం చదివాను. షుగరున్నవాళ్ళూ, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళూ, ముసలివాళ్ళూ, మత్తు కలిగించే మందులు వేసుకున్నవాళ్ళూ జాగ్రత్తగా ఉండాలనీ, సీటు మీద దుప్పటీ, దిండూ వెయ్యకూడదనీ స్పష్టంగా రాసుంది. చాలా కార్ల మాన్యువల్స్‌లోనూ ఇదే ఉంటుంది. చదివేదెవరు?

మీకు జీపు లేకపోవచ్చు. మోకాళ్ళకి కాపడం పెట్టే వేడినీళ్ళ సంచీ, కరెంటు హీటింగ్ ప్యాడ్ ఉంటాయిగా? షుగరుతో స్పర్శ తగ్గినవాళ్ళకి అవీ ఇంతే. వేడి ఎంతుందో పక్కవాళ్ళు చూడాలి, అది పెట్టుకుని నిద్రపోనివ్వకూడదు.

ఆ చాప పారేసి సరైన కొలతది తెప్పించి, ఈసారి పెద్దాయన ఉండగానే బిగించాను. అయితే అత్తయ్యగారు కూర్చున్నప్పుడు దాన్ని వాడం. బయల్దేరడానికి పది నిమిషాల ముందు వేసి, ఆవిడ ఎక్కేలోగా ఆపేస్తాం. కూర్చునేటప్పటికి సీటు వెచ్చగానే ఉంటుంది. తర్వాత బండి హీటరు ఎలాగూ అందుకుంటుంది. బొంత ఒళ్ళో మాత్రమే. "నా కోసం పెట్టించి నాకే లేదంటావేమే" అని మొదట్లో అలిగారు. కాలిన మచ్చ చూపిస్తే నవ్వేశారు. స్విచ్చు మీద "అత్తయ్య ఎక్కేముందు ఆపాలి" అని తెలుగులో రాసిన చీటీ అంటించాను.

ఏప్రిల్లో ఆవిడ తెనాలి వెళ్ళిపోయారు. బొంత ఇక్కడే వదిలేశారు. నా నడుంనొప్పి తగ్గింది. చీటీ అంచులు లేస్తున్నాయి గానీ తియ్యలేదు, మళ్ళీ చలికాలానికి వస్తానంటున్నారు.